‘కొండవీటి చాంతాడు’ పక్కన పడేసిన బీజీఎం: వాడినదానికన్నా గొప్పదా, కాదా?

రీల్_నంబర్_6
మిత్రులారా, దొరికింది! ‘కొండవీటి చాంతాడు’ సినిమాకి మొదట చేయించి, చివరి నిమిషంలో దర్శకుడు వద్దనేసిన రీరికార్డింగ్, అంటే బీజీఎం (నేపథ్య సంగీతం), మొత్తం నా చేతికొచ్చింది. 3 గంటల 40 నిమిషాల సినిమాకి 4 గంటల 10 నిమిషాల సంగీతం. శుభం కార్డు పడ్డాక జనం స్టాండులో బండి తీసుకునేదాకా వాయిస్తూనే ఉండాలని మన సంగీత దర్శకుడి పట్టుదల.

(అలాంటి సినిమా లేదు, సంగీతం లేదు, సంగీత దర్శకుడూ లేడు. నిన్న రాత్రి కరెంటు పోయి నిద్రపట్టక తయారుచేశాను. ముందే చెబుతున్నా, తర్వాత నన్ను తిట్టొద్దు.)

కొన్ని ముఖ్యమైన బిట్లు:
1వ రీల్, టైటిల్స్: 40 వయొలిన్లు, 12 డప్పులు, ఒక చిరతల బృందం. హీరో పేరు పడేసరికి డప్పులవాళ్ళ చేతులు పడిపోయాయి.
3వ రీల్, హీరోయిన్ ముగ్గు: వీణ ఒక్కటే. చుక్కకో మీటు. 21 చుక్కల ముగ్గు, ఎవరూ తొందరపెట్టకూడదు.
6వ రీల్, విలన్ భోజనం: పైన నాదస్వరం, కింద టుబాలు (లావు గొంతు ఇత్తడి బాకాలు). ఆవకాయ కలిపేటప్పుడు మాత్రం పూర్తి నిశ్శబ్దం.
11వ రీల్, సుమోలు గాల్లోకి లేచే చోటు: జోలపాట. దర్శకుడు లేచి వెళ్ళిపోయింది ఇక్కడేనని భోగట్టా.

తర్వాత వచ్చినాయన 8 రోజుల్లో చేసిచ్చాడు. అన్ని రీళ్ళకీ ఒకటే కోరస్, ‘ఓ... ఓ... ఓ’. ఇప్పుడు మీరు చెప్పండి. పడేసిన సంగీతం ఎప్పుడూ వాడినదానికన్నా గొప్పగానే ఎందుకుంటుంది?

ఫ్లాక్_ప్రియుడు
ఫ్లాక్ ఫైల్ (నాణ్యత తగ్గనిది) ఉందా అన్నా? 320 ఎంపీ3 అయితే వద్దు.

రీల్_నంబర్_6
తమ్ముడూ, బ్రాకెట్లో ఉన్నది చదివావా?

స్పాటింగ్_శర్మ
సరదా పక్కన పెడదాం. ప్రశ్న మంచిది, నా జవాబు ‘అవును’. సంగీత దర్శకుడు సినిమాని సంగీతంగా చూస్తాడు. దర్శకుడేమో ఎడిటింగ్ టేబుల్ దగ్గర తాత్కాలికంగా పెట్టుకున్న ఎవరిదో సంగీతంతో, అంటే టెంప్ ట్రాక్‌తో, నెలల తరబడి అదే సీను చూసి చూసి దానికి అలవాటుపడిపోతాడు. ఆ తర్వాత ఎంత గొప్పవాడు వచ్చి వాయించినా ‘ఏదో తేడాగా ఉందండీ’ అంటాడు.

దీనికి ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ కన్నా పెద్ద ఉదాహరణ అక్కర్లేదు. దర్శకుడు కుబ్రిక్ అంతకుముందు తన ‘స్పార్టకస్’కి సంగీతం చేసిన అలెక్స్ నార్త్‌నే పిలిపించాడు. ఆయన రెండు వారాల్లో 40 నిమిషాల పైచిలుకు సంగీతం రాశాడు. ఆ టెన్షన్‌కి వెన్ను పట్టేసి, రికార్డింగుకి అంబులెన్సులో వచ్చాడు. ఇంకా రాయాల్సింది ఎదురుచూస్తూ కూర్చుంటే, ఇక అక్కర్లేదని కబురు. చివరికి 1968లో న్యూయార్కులో బొమ్మ చూస్తే తన స్వరం ఒక్కటీ లేదు. అన్నీ టెంప్ ట్రాక్‌లో పెట్టుకున్న రిచర్డ్ స్ట్రాస్, యోహాన్ స్ట్రాస్, లిగెటీ లాంటి పాశ్చాత్య శాస్త్రీయ సంగీతకారుల రచనలే. ఇది ద్రోహం కాదా?

మిక్సింగ్_మావయ్య
ద్రోహమే శర్మగారూ. చెప్పకుండా తీసేయడం ముమ్మాటికీ తప్పు. కానీ మీరు అడిగినది ‘గొప్పదా’ అని కదా, ‘ఆయనకి అన్యాయం జరిగిందా’ అని కాదు. ఈ రెండూ కలిపేసి మాట్లాడితే చర్చ ఎప్పటికీ తెగదు.

నార్త్ పోయాక 1993లో ఇంకో సంగీత దర్శకుడు జెర్రీ గోల్డ్‌స్మిత్ ఆ సంగీతాన్ని మళ్ళీ వాయించి రికార్డు చేశాడు. విన్నాను. మంచి సంగీతం, కాదనను. అయితే మొదటి బిట్ వింటే ఎవరికైనా అర్థమవుతుంది, నార్త్ ఆ రిచర్డ్ స్ట్రాస్ పక్కన నిలబడే ప్రయత్నం చేస్తున్నాడు. ‘ఇలాంటిదే కావాలి’ అని ముందు వినిపించి చేయిస్తే ఇలాంటిదే వస్తుంది, ఇది మాత్రం రాదు. ఇక ఆ సినిమాలో తిరిగే అంతరిక్ష కేంద్రం మీద యోహాన్ స్ట్రాస్ వియన్నా నాట్యసంగీతం వేయాలన్న ఆలోచన ఏ సంగీత దర్శకుడికైనా వచ్చేదా? జీతం తీసుకునేవాడు ఎవడూ ‘సార్, ఇక్కడ వందేళ్ళ నాటి వాల్ట్జ్ పెట్టుకోండి, నాకు పని లేదు’ అనడు.

బెంచీ_క్లాస్
మా ఊరి థియేటర్లో ఎడమవైపు స్పీకరు పనిచేయదు. ఏ సంగీత దర్శకుడిదైనా మాకు సగమే తిరస్కరణ.

స్పాటింగ్_శర్మ
మావయ్యా, సరే. ‘టోర్న్ కర్టెన్’ సంగతి చెప్పండి. 1966. దర్శకుడు హిచ్‌కాక్ సంగీతం హాయిగా, జనం నోట నానేలా ఉండాలన్నాడు. వెనక స్టూడియోవాళ్ళకీ రికార్డులు అమ్ముడుపోయే బాణీ కావాలి. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ ఏం తెచ్చాడో తెలుసా? 12 ఫ్లూట్లు, 16 హార్న్‌లు, 9 ట్రాంబోన్లు, 2 టుబాలు, 8 చెల్లోలు, 8 డబుల్ బాస్‌లు (రెండూ వయొలిన్ జాతివే, గొంతు మాత్రం లావు). ఒక్క వయొలిన్ లేదు! అలాంటి శబ్దం అంతకుముందు ఎవరూ వినలేదు. రికార్డింగ్ సగంలో ఉండగానే ఆపేసి జాన్ అడిసన్‌ని పెట్టుకున్నారు. ఇప్పుడు ఆ సినిమా సంగీతం ఎవరికైనా గుర్తుందా?

నాలుగు_స్వరాలు
పెళ్ళికి సన్నాయి మేళం తెమ్మంటే ఏనుగుల దండుతో వచ్చినట్టుంది.

మిక్సింగ్_మావయ్య
తమ్ముడు సరిగ్గా చెప్పాడు. శర్మగారూ, నేను హెర్మన్ భక్తుణ్ణే. కానీ ఒక్క మాట. 1960లో ‘సైకో’ స్నానాల గది సీనుకి సంగీతం వద్దన్నది కూడా ఈ హిచ్‌కాకే. హెర్మన్ ఆ మాట లెక్కచేయకుండా రాసుకొచ్చాడు, హిచ్‌కాక్ విని ఒప్పుకున్నాడు, మిగతాది లోకమంతటికీ తెలుసు. ఆరేళ్ళ తర్వాత హెర్మన్ మళ్ళీ అదే మొండితనం చూపించాడు, ఈసారి పని పోయింది. మొదటిసారి మనం ‘దర్శకుడు తెలివైనవాడు’ అన్నాం, రెండోసారి ‘దర్శకుడు మూర్ఖుడు’ అంటున్నాం. ఆ కుర్చీలో కూర్చున్నవాడికి రెండుసార్లూ ఒకేలా కనిపించి ఉంటుంది.

స్పాటింగ్_శర్మ
అందుకే 1991లో ‘కేప్ ఫియర్’ మళ్ళీ తీసినప్పుడు ఎల్మర్ బెర్న్‌స్టీన్ ఆ పడేసిన సంగీతంలోంచి ముక్కలు తీసి వాడుకున్నాడు. పనికిరానిదైతే పాతికేళ్ళ తర్వాత ఎవరు తవ్వి తీస్తారండీ?

మిక్సింగ్_మావయ్య
వేరే సినిమాలో పనికొచ్చింది. ఈ సినిమాకి పనికిరాలేదు. నేననేది కూడా అదే!

రీల్_నంబర్_6
ఇద్దరూ కాస్త మజ్జిగ తాగండి. నేను ముగ్గు మీద వీణ గురించి అడిగితే మీరు హాలీవుడ్‌లో హత్యలదాకా పోయారు.

ఫ్లాక్_ప్రియుడు
బ్రాకెట్లోది ఇప్పుడు చదివాను. అయినా నా ఓటు పడేసినదానికే. ఆవకాయ దగ్గర నిశ్శబ్దం అన్నది మామూలు బుర్రకి తట్టదు.

ఘంటసాల_గంట
అందరూ విదేశాల గురించే మాట్లాడుతున్నారు. మన ‘మాయాబజార్’ తీసుకోండి, 1957. మొదట సాలూరి రాజేశ్వరరావుగారు. కొన్ని పాటలకి బాణీలు కట్టి తప్పుకున్నారు. ‘లాహిరి లాహిరి’ ఆయన బాణీయే. ఆ తర్వాత ఘంటసాలగారు వచ్చి, ఆ బాణీలకి వాద్యాలు సమకూర్చి, మిగతా పాటలు తాను చేసి, సినిమా పూర్తిచేశారు. తెర మీద పేరు ఘంటసాలగారిది. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో భోజనాల దగ్గర ఈ పంచాయితీ నడుస్తూనే ఉంటుంది. మా నాన్నగారు, మా పెదనాన్నగారు ఈ విషయం మీద ఒక కార్తీకమాసమంతా మాట్లాడుకోలేదు.

నాలుగు_స్వరాలు
గంటగారూ, తప్పుకోవడం వేరు, పడేయడం వేరు. అక్కడ మొదటాయన పని సినిమాలోనే ఉంది. ‘సాహో’ కూడా అంతే. 2019లో శంకర్-ఎహ్సాన్-లాయ్ తామే తప్పుకున్నారు, నేపథ్య సంగీతం జిబ్రాన్ చేశాడు. వాటిని ఈ లెక్కలో వేయకూడదు.

లెక్కలో వేయాల్సింది హాలీవుడ్ సినిమా ‘ట్రాయ్’. దాని సంగీతానికి గాబ్రియేల్ యారెద్ ఏడాదిపాటు కష్టపడ్డాడు. సినిమా పూర్తికాకముందే కొంతమంది ప్రేక్షకులకి వేసి చూపించారు. సంగీతం మరీ పాతకాలంగా, హోరుగా ఉందని వాళ్ళు చీటీల మీద రాసిచ్చారు. అంతే, ఆయన్ని పక్కనపెట్టి జేమ్స్ హార్నర్‌ని పిలిచారు. రెండు వారాలు అటూఇటూ టైము. ఆ టైములో ఎవరైనా ఏం చేస్తారు? ఇంట్లో ఉన్నదే వండుతారు. హార్నర్ ఇంట్లో ఎప్పుడూ ఉండేవి నాలుగు స్వరాలు. సినిమాలో ఎక్కడ ప్రమాదం వచ్చినా ఆ నాలుగే, అవీ రష్యన్ సంగీతకారుడు రాఖ్మనినోవ్ మొదటి సింఫనీలోంచి వచ్చినవి. ఆ స్వరాలంటే నాకు ప్రాణం, అందుకే నా పేరిలా ఉంది. అయినా చెబుతున్నా, అక్కడ మాత్రం యారెద్‌దే గొప్ప.

రీల్_నంబర్_6
ఆ నాలుగు స్వరాలు మన సినిమాకి చేసిన కొత్త సంగీతంలోనూ ఉన్నాయి. ‘ఓ ఓ ఓ’ కింద, బాగా చెవి పెట్టి వినాలి.

మిక్సింగ్_మావయ్య
ఇన్ని చెప్పుకున్నాం కాబట్టి రెండో వైపుదీ చెప్పాలి. 1974, ‘చైనాటౌన్’. ఫిలిప్ లాంబ్రో చేసిన సంగీతం పక్కనపెట్టి గోల్డ్‌స్మిత్‌ని పిలిచారు. 10 రోజులు ఇచ్చారు. 4 పియానోలు, 4 హార్ప్‌లు, తీగవాద్యాలు, ఇద్దరు తాళవాద్యగాళ్ళు, ఒకే ఒక్క ట్రంపెట్. అర్ధరాత్రి ఎవరో ఒంటరిగా సిగరెట్ తాగుతున్నట్టుండే ఆ ట్రంపెట్ వినని సినిమా సంగీతాభిమాని ఉంటాడా? తొందరలో చేసిందంతా చెత్త అనే సూత్రం అక్కడే చచ్చిపోయింది.

నా బాధ ఇంకొకటి. మనం వాడిన సంగీతాన్ని హాల్లో వింటాం. డైలాగు కింద, టైర్ల చప్పుడు కింద, వెనక సీటువాడి ఫోను కింద నలిగి వస్తుంది. మిక్సింగులో నేనే ఎన్నోసార్లు ఫేడర్ (శబ్దం తగ్గించే మీట) కిందికి లాగాను, పాపం. పడేసిన సంగీతాన్నేమో ఇంట్లో తలుపేసుకుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని వింటాం. ఒకటి పొలంలో పనిచేసొచ్చినోడు, రెండోది ఫొటోకి నిలబడ్డోడు. పోలిక ఎలా కుదురుతుంది? చచ్చినోడి కళ్ళు చారెడు అన్నట్టుంది మన వ్యవహారం.

స్పాటింగ్_శర్మ
మావయ్యా, ఫేడర్ లాగిన పాపం ఒప్పుకున్నందుకు సగం మార్కులు ఇస్తున్నా. కానీ ఇంకో మాట వినండి. సినిమా తేడాగా ఉందని ముందే తెలిసిపోతుంది. కథ మార్చలేరు, హీరోని మార్చలేరు, సెట్టు విప్పేశారు, రీషూట్ అంటే కోట్లు. రిలీజు ముందు మార్చగలిగేది సంగీతం ఒక్కటే. పెళ్ళికొడుకు బాగోలేడని సన్నాయివాణ్ణి మార్చడం అన్నమాట. ఎక్కువసార్లు జరిగేది ఇదే.

మిక్సింగ్_మావయ్య
దీనికి నా దగ్గర జవాబు లేదు. నిజమే.

ఫిడేల్_మూడో_వరస
చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. చెన్నైలో చాలా ఏళ్ళు రీరికార్డింగుల్లో వయొలిన్ వాయించాను. సినిమా పేరు, మనుషుల పేర్లు అడగొద్దు.

ఒక సినిమాకి మూడు రోజుల కాల్షీట్. ఎదురుగా తెర మీద బొమ్మ నడుస్తుంటే, కండక్టర్ చెయ్యి చూస్తూ వాయించాలి. మూడో రోజు సాయంత్రం చివరి రీలు. తప్పిపోయిన కొడుకుని తల్లి గుర్తుపట్టే చోటు. అక్కడ మాకేం లేదు, చెల్లోలకి మాత్రం మూడు నిమిషాల బిట్. మేమంతా బో (వయొలిన్ కమాను) ఒళ్ళో పెట్టుకుని విన్నాం. అది అయ్యాక కండక్టర్ కాసేపు చెయ్యి దించలేదు. టీ తెచ్చిన కుర్రాడు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

సినిమా వచ్చాక ఇంట్లోవాళ్ళని తీసుకెళ్ళాను. ఆ చోటు రాబోతుంటే మా ఆవిడ చెయ్యి గిల్లాను, విను అని. తల్లి వచ్చింది, కొడుకు వచ్చాడు, ఒక కీబోర్డు మోగింది. ‘ఇదేనా?’ అంది. ‘ఇది కాదు’ అన్నాను. బొమ్మ మొత్తంలో మేం వాయించింది ఎక్కడా లేదు. అలాంటివి మాకెవరూ చెప్పరు. డబ్బులు అప్పటికే ఇచ్చేశారు, ఎవరినీ తప్పుపట్టడానికి లేదు.

మీ ప్రశ్నకి నా జవాబు ఏమిటంటే, నేను తేల్చలేను. చెల్లోల పక్కన కూర్చుని విన్నవాణ్ణి నేను. ఆ తల్లి ఏడుపు మీద అది ఎక్కువైపోయిందేమో, అందుకే తీసేశారేమో. మూడో వరసలో కూర్చున్నవాడికి అన్నీ గొప్పగానే వినిపిస్తాయి. అయితే ఆ సినిమా పేరు ఎవరైనా ఎత్తితే నాకు ఇప్పటికీ ఆ మూడు నిమిషాలే వినిపిస్తాయి, కీబోర్డు గుర్తుకురాదు.

బెంచీ_క్లాస్
బాబాయ్‌గారూ... మా ఎడమ స్పీకరు జోకు వెనక్కి తీసుకుంటున్నా.

స్పాటింగ్_శర్మ
ఆ టేపులు ఎక్కడైనా ఉండి ఉంటాయా మాస్టారూ?

ఫిడేల్_మూడో_వరస
ఆ రోజుల్లో టేపు ఖరీదు. చెరిపి వేరే సినిమాకి వాడేసేవాళ్ళు. దాని మీద ఇంకెవరి ఫైటు సీనో ఉంటుంది.

రీల్_నంబర్_6
మాస్టారూ, మీరు ఒప్పుకుంటే ‘కొండవీటి చాంతాడు’లో ఒక బిట్ కలుపుతున్నాను. 14వ రీల్, తల్లి గుర్తుపట్టే చోటు. చెల్లోలు 8. మూడు నిమిషాలు. టీ కుర్రాడు గుమ్మం దగ్గర ఆగుతాడు.

ఫిడేల్_మూడో_వరస
ఒప్పుకుంటున్నాను బాబూ. చెల్లోలు 8 కాదు, 6.