"శుభ్రమైన, నిశ్శబ్దమైన" విమాన ఇంజన్: ఈ మాటలు నిలుస్తాయా?

దేవరకొండ తెలుగు పంతులు:
సైన్స్ ఫెయిర్ చార్టు మీద పిల్లలు పెట్టిన శీర్షిక ఇది: "శుభ్రమైన, నిశ్శబ్దమైన మరియు ఇంధన పొదుపు గల విమాన ఇంజన్లు". "మరియు"ను నేనే కొట్టేస్తాను. మిగతా మాటల సంగతి ఇంజన్ తెలిసినవాళ్లు చెప్పాలి. కింద బొమ్మలో బైపాస్ రేషియోకు (ఇంజన్లో మంట దగ్గరికి పోకుండా చుట్టూ పోయే గాలికీ, మంట దగ్గరికి పోయే గాలికీ ఉన్న నిష్పత్తి) "పక్కదారి నిష్పత్తి" అని రాశారు. చదవగానే హైవే బైపాసే కళ్లముందుకొస్తుంది. వేరే మాటుందా?

పాలమూరు ఫిజిక్స్:
"శుభ్రమైన" అంటే కడిగి తుడిచిన ఇంజన్ అనుకుంటారు సార్. అలాగని "పొగ తక్కువ" అనీ రాయించకండి. నల్లపొగ అంటే సరిగా కాలని మసి. పాత ఇంజన్ల వెనక అది చారలా కనపడేది, కొత్తవాటిలో చాలావరకు పోయింది. ఇప్పుడు తగ్గించాల్సినవి ముఖ్యంగా రెండు, రెండూ కంటికి కనపడవు.

మొదటిది కార్బన్ డయాక్సైడ్. కిలో విమాన ఇంధనం కాలితే సుమారు 3.16 కిలోలు వస్తుంది (గాలిలోని ఆక్సిజన్ కలుస్తుంది కాబట్టి బరువు పెరుగుతుంది). ఫిల్టర్ పెట్టి ఆపే వీలు లేదు, తక్కువ కాల్చడమొక్కటే దారి. కాబట్టి అది మీ "పొదుపు" ఖాతాలోకే పోతుంది.

రెండోది నైట్రోజన్ ఆక్సైడ్లు. ఇవి ఇంధనంలోంచి వస్తాయని చాలామంది అనుకుంటారు. వచ్చేది గాలిలోని నైట్రోజన్ నుంచి. మంట దగ్గర వేడి 1,500 డిగ్రీల సెల్సియస్ దాటితే జోరందుకుంటాయి. తిరకాసంతా ఇక్కడే ఉంది: ఇంధనం ఆదా కావాలంటే గాలిని ఇంకా గట్టిగా అదమాలి, అదిమినకొద్దీ గాలి వేడెక్కి మంట దగ్గరికి చేరుతుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. శీర్షికలో ఒకేచోట కూర్చున్న "శుభ్రం", "పొదుపు" రెండింటికీ ఇంజన్లో పడదు.

దీనికి రెండు ఉపాయాలు వాడుతున్నారు. ఒకటి, ముందు ఇంధనం ఎక్కువపాళ్లలో కాల్చి, వెంటనే చాలా గాలి గుప్పించి, పల్చని పాళ్లలో ముగించడం. నడుమ వేడి శిఖరానికి చేరే దశను గబుక్కున దాటించాలి. గాలి సమంగా కలవకపోతే అక్కడక్కడ వేడి మచ్చలు మిగిలి, ఉపాయం దెబ్బతింటుంది. రెండోది, మొదటినుంచే పల్చగా కాల్చడం. దీని జబ్బు వేరు: ఇంజన్ శక్తి తగ్గించినప్పుడు మంట ఆరిపోవచ్చు. అందుకని మధ్యలో చిన్న మంట ఒకటి ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది, చుట్టూ ఉన్న పెద్ద మంట అవసరాన్నిబట్టి అందుకుంటుంది. ఎయిర్‌బస్, బోయింగ్ ప్రయాణికుల విమానాలకు వాడే లీప్ ఇంజన్ది ఈ రెండో పద్ధతి.

ఆదిబట్ల సీఎన్‌సీ:
నిశ్శబ్దం అననే అనొద్దు సార్. ఆ ఇంజన్ దగ్గర పనిచేసేటోళ్లు ఇయ్యాల్టికీ చెవులు మూసుకునే నిలబడాలె. "చప్పుడు" అన్నా చాలదు, ఎందుకంటే అండ్ల రెండు రకాలున్నయి, మందు కూడా దేనికదే.

హోరు: వెనకనుంచి దూసుకొచ్చే వేడిగాలి బయటి గాలిని కోసుకుంటూ పోతుంటే పుట్టేది. ఇది వేగానికి ఎనిమిదో ఘాతంలో పెరుగుతది. వేగం సగం చేస్తే 256వ వంతుకు పడిపోవాలె. కాని అదే నెట్టుడు బలం రావాలంటే గాలి పోయే వైశాల్యం నాలుగింతలు చెయ్యాలె కదా, అందుకని నికరంగా 64వ వంతు, అంటే సుమారు 18 డెసిబెల్స్ తగ్గుడు.

ఈల: ముందున్న ఫ్యాన్ది. 18 బ్లేడ్లు, నిమిషానికి 3,000 చుట్లు అనుకుంటే సెకనుకు 900 సార్లు, అంటే 900 హెర్ట్జ్. దీన్ని మింగేది ఇంజన్ తొడుగు లోపలి లైనింగ్: పైన సన్న చిల్లుల రేకు, కింద తేనెపట్టు గదులు. గది లోతునుబట్టి ఏ స్వరం మింగాల్నో తేలుతది. రంగు వేసేటప్పుడో మరమ్మతు చేసేటప్పుడో చిల్లులు పూడితే ఇగ అది ఉత్త రేకే. హోరుకు ఈ లైనింగ్ పెద్దగా పనికిరాదు, అది పుట్టేదే ఇంజన్ బయట.

ఇంకొకటి, బ్లేడును "రెక్క" అని రాసిండ్రేమో చూడుర్రి. విమానానికి వేరే రెక్కలున్నయి, పిల్లలు తికమకపడుతరు.

నకిరేకల్ పదకోశం:
బైపాస్‌కు "అలుగు గాలి" అంటే ఎట్లుంటది? తూముల నుంచి పోయేది కోర్ (మంటుండే నడిమి భాగం), అలుగు దుంకేది బైపాస్. చెరువున్న ఊరికి వేరే చెప్పే పని లేదు.

ఆదిబట్ల సీఎన్‌సీ:
మాట ముద్దుగున్నదన్నా, అర్థం మాత్రం తలకిందులైతది. అలుగు దుంకిన నీళ్లు ఆ చెరువుకింది పొలానికి అందవు. బైపాస్ గాలి మిగులు కాదు, నెట్టుడు బలంల ఎక్కువ పాలు దానిదే. లీప్-1ఏ ల 12 కిలోల గాలి వస్తే కోర్‌లకు పోయేది ఒక్క కిలో, చుట్టూ పోయేది 11.

పాలమూరు ఫిజిక్స్:
లెక్క కూడా చార్టు మీద పెట్టించండి. సెకనుకు 100 కిలోల గాలిని 300 మీటర్ల వేగంతో నెట్టినా, 300 కిలోలను 100 మీటర్ల వేగంతో నెట్టినా బలం 30,000 న్యూటన్లే. గాలికిచ్చిన శక్తి మాత్రం మొదటిదానిలో 45 లక్షల వాట్లు, రెండోదానిలో 15 లక్షలు. పొదుపు, హోరు తగ్గడం రెండూ ఇక్కడ కలిసొస్తాయి, ఇంజన్లలో అరుదైన విషయం. అలాగని ఫ్యాన్‌ను ఇష్టమొచ్చినంత పెంచలేరు: బరువు, గాలి నిరోధం, నేలకు ఎడం అడ్డొస్తాయి. 737 విమానం నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి దాని లీప్-1బీ ఫ్యాన్ 69 అంగుళాలే, ఏ320 నియోకు వాడే లీప్-1ఏ ది 78.

ఆదిబట్ల సీఎన్‌సీ:
ఫ్యాన్ పెద్దగైతే మెల్లగ తిరగాలె, లేకుంటే బ్లేడు కొసలు ధ్వనివేగం మించిపోయి రంపం కోసినట్టు మోత. వెనక ఆ ఫ్యాన్‌ను తిప్పే టర్బైన్ ఏమో జోరుగ తిరిగితేనే లాభం. అందుకే ప్రాట్ అండ్ విట్నీ వాళ్లు పీడబ్ల్యూ1100జీ ఇంజన్‌ల ఈ రెండింటి నడుమ సుమారు 3:1 గేరు పెట్టిండ్రు. 20 మెగావాట్లు దాటించే గేరు 1 శాతం పోగొట్టినా 200 కిలోవాట్ల వేడి. ఆ వేడినంతా నూనె మోసుకపోవాలె, నూనెను చల్లార్చే కూలర్ ఉండాలె, దాని బరువు లెక్కల వేసుకోవాలె.

దేవరకొండ తెలుగు పంతులు:
అయితే "చుట్టుగాలి పాళ్లు 11:1" అంటే? సిమెంటు కలిపే మేస్త్రీ కూడా పాళ్లనే అంటాడు.

నకిరేకల్ పదకోశం:
బాగున్నది సార్. పక్కన బ్రాకెట్ల "బైపాస్ రేషియో" అని తెలుగు లిపిలనే ఉంచుర్రి. శంషాబాద్‌ల 2025 నవంబరుల లీప్ ఇంజన్ల మరమ్మతు కేంద్రాన్ని ప్రారంభించిండ్రు, రేపు ఈ పిల్లలు అక్కడ పనికి పోతే వినపడేది ఆ మాటే. కోర్‌కు "గర్భం" అంటే?

పాలమూరు ఫిజిక్స్:
వద్దు, కోర్ అనే ఉండనీయండి. శీర్షిక మటుకు "తక్కువ ఇంధనం, తక్కువ హోరు, తక్కువ నైట్రోజన్ ఆక్సైడ్లు" అని మార్చి, మొదటిదానికీ మూడోదానికీ నడుమ ఎదురెదురు బాణాలు గీయించండి. జడ్జీలు ఆ బాణాల గురించే అడుగుతారు.