బల్ల కింద 60 గిగాహెర్ట్జ్ రేడార్: నిన్న గుర్తుపట్టిన వస్తువును ఇవాళ ఎందుకు పట్టడం లేదు?

బల్లకింద_బోర్డు
బల్ల మీద పెట్టిన వస్తువు ఏ పదార్థంతో చేసిందో రేడార్‌తో గుర్తుపట్టించాలని చూస్తున్నాను. బల్ల కింద 60 గిగాహెర్ట్జ్ ఎఫ్‌ఎంసీడబ్ల్యూ (ఫ్రీక్వెన్సీని క్రమంగా మారుస్తూ ఆగకుండా తరంగాలు పంపే) రేడార్ బోర్డు. ఒక ట్రాన్స్‌మిటర్, మూడు రిసీవర్లు, 5.5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్. పైన అక్రిలిక్ షీటు. దాని మీద గాజు గ్లాసు, స్టీలు గ్లాసు, చెక్క పలక, ప్లాస్టిక్ డబ్బా, పుస్తకం. ఒక్కోదానికి 300 ఫ్రేములు (రేడార్ రీడింగులు) తీసి ర్యాండమ్ ఫారెస్ట్ (చాలా నిర్ణయ వృక్షాల ఓటుతో తేల్చే మోడల్)కి నేర్పాను. టెస్టులో దాదాపు అన్నీ కరెక్టే. మర్నాడు అవే వస్తువులు పెడితే సగం తప్పు. లోపం మోడల్‌లోనా?

తరంగం
మోడల్‌ది కాదండీ, టెస్టు చేసిన తీరుది. ఒకసారి పెట్టి కదపకుండా తీసిన 300 ఫ్రేములూ దాదాపు ఒకే ఫ్రేము. వాటిని కలిపేసి 80 శాతం ట్రైనింగ్‌కి, 20 శాతం టెస్టుకి విడదీస్తే టెస్టులోకి వెళ్లేది ట్రైనింగ్‌లో చూసినదే. 300 వద్దు, పెట్టిన ప్రతిసారీ 10 చాలు. కానీ వస్తువు తీసి, కాస్త తిప్పి, మళ్లీ పెట్టాలి. అలా కనీసం 20 సార్లు, మూడు వేర్వేరు రోజుల్లో. ఒక రోజు డేటా మొత్తం ముట్టకుండా టెస్టుకే ఉంచండి. అప్పుడు వచ్చే నంబరే అసలు నంబరు.

ఫేజ్_లెక్క
దూరం సంగతీ చూడండి. తరంగం పొడవు 5 మి.మీ. వస్తువు 1.25 మి.మీ. జరిగితే రానుపోను 2.5 మి.మీ., ఫేజ్ (తరంగం తన ఎత్తుపల్లాల్లో ఎక్కడుందన్నది) పూర్తిగా తిరగబడుతుంది. మీ బ్యాండ్‌విడ్త్‌కి రేంజ్ రిజల్యూషన్ (రెండు రిఫ్లెక్షన్లను విడిగా చూడగల కనీస దూరం) సుమారు 2.7 సెం.మీ. అంటే బోర్డు లీకేజీ, షీటు రిఫ్లెక్షన్, వస్తువు రిఫ్లెక్షన్ మూడూ ఒకే బిన్‌లో (ఒకే దూరపు గడిలో) కలుస్తాయి. షీటు కొంచెం వంగినా మొత్తం మారిపోతుంది.

బోర్డుకీ షీటుకీ మధ్య అంచుల వెంట థర్మాకోల్ ముక్కలు పెట్టి బిగించండి. రేడార్‌కి థర్మాకోల్ దాదాపు గాలితో సమానం. ఖాళీ బల్ల రీడింగును ఎఫ్‌ఎఫ్‌టీ (సిగ్నల్‌ను ఫ్రీక్వెన్సీలుగా విడదీసే లెక్క) తర్వాత కాంప్లెక్స్ విలువలుగా (బలం, ఫేజ్ రెండూ ఉన్న సంఖ్యలుగా) ఉన్నప్పుడే తీసేయాలి. మ్యాగ్నిట్యూడ్ (బలం మాత్రమే) చేశాక తీసేస్తే ఫేజ్ పోయినట్టే, ఆ తీసివేతకు అర్థం లేదు. చిప్ వేడెక్కేదాకా 15 నిమిషాలు ఆగండి, తర్వాత కూడా ఖాళీ రీడింగు మధ్యమధ్యలో మళ్లీ తీయండి.

2016లో సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయం వాళ్లు గూగుల్ సోలి (చిన్న రేడార్ సెన్సర్) కిట్‌తో చేసిన రేడార్‌క్యాట్ అనే పదార్థాల గుర్తింపు ప్రయోగం కూడా ర్యాండమ్ ఫారెస్టే, 26 రకాల పదార్థాల మీద. అక్కడ వస్తువును సెన్సర్‌కి ఆనించి పెట్టారు, దూరం దానంతటదే స్థిరం. మీ దగ్గర లేనిది అదే.

బల్లకింద_బోర్డు
నా షీటు మందం 3 మి.మీ. దాన్ని మార్చాలా?

గాజుపలక
వద్దు, సరిగ్గా కుదిరింది. అక్రిలిక్ లోపల తరంగం సుమారు 3.1 మి.మీ.కి కుంచించుకుపోతుంది. మందం అందులో సగానికి పూర్ణ గుణిజమైతే పై ముఖం, కింది ముఖం రిఫ్లెక్షన్లు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. 2.3 మి.మీ. దగ్గర అవి కలిసి బలపడతాయి, షీటే వస్తువులా కనబడుతుంది.

గాజుతో చిక్కూ ఇదే. లోపల తరంగం దాదాపు 2 మి.మీ. కాబట్టి 2 మి.మీ. గాజూ 2.5 మి.మీ. గాజూ రేడార్‌కి రెండు వేర్వేరు పదార్థాలే. ‘గాజు’ అని ఒకే లేబుల్ పెట్టొద్దు. రేడార్ చూసేది పదార్థం, మందం, అడుగు ఆకారం కలిసిన ముద్దని. మూడు నాలుగు మందాలు విడిగా సేకరించి, ఆఖర్లో లేబుళ్లు కలపండి.

ఇత్తడిచెంబు
లోహాల మీద ఆశ పెట్టుకోవద్దు. స్టీలైనా ఇత్తడైనా పడ్డదంతా వెనక్కి కొడుతుంది. రెండు చెంబుల్ని మోడల్ విడదీస్తోందంటే అది అడుగు ఆకారం నేర్చుకుంది. ‘లోహం’ అని ఒకటే క్లాసు పెట్టడం న్యాయం.

బల్లకింద_బోర్డు
గ్లాసులో నీళ్లు ఎంతున్నాయో తెలుస్తుందా?

ఇత్తడిచెంబు
కింద నుంచి తెలియదు. ఈ ఫ్రీక్వెన్సీలో నీళ్లలోకి అర మిల్లీమీటరు లోపే సిగ్నల్ చాలావరకు చచ్చిపోతుంది. గాజు గ్లాసులో నీళ్లున్నాయా లేవా అన్నది బాగానే చెబుతుంది. సగమా పావా అన్నది చెప్పదు. స్టీలు గ్లాసయితే అదీ లేదు. బల్ల మీద చెమ్మ మాత్రం బాగా కనబడుతుంది, కాబట్టి ప్రతి వస్తువు తర్వాతా తుడవాలి.

తరంగం
ఇక్కడ ఇండియాలో చేసేవాళ్లకి ఒక మాట. 60 గిగాహెర్ట్జ్ అనుమతి లేకనే 2019లో సోలి ఉన్న గూగుల్ ఫోన్ పిక్సెల్ 4 మన దేశానికి రాలేదు. బోర్డు కొనేముందు డబ్ల్యూపీసీ (రేడియో ఫ్రీక్వెన్సీల అనుమతులు చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం) తాజా నోటిఫికేషన్ చదవండి.