దించడమా, ఎత్తడమా? సోమన ద్విపదలో ఒక అనుమానం కూడా

నల్లరేగడి: మొన్న తోలుబొమ్మల ఊరు నిమ్మలకుంటలో ఒకాయన మేకతోలు మీద హనుమంతుణ్ణి గీస్తుంటే చూశాను. పాత బొమ్మ కింద పెట్టి పైన కొత్త తోలు పరిచారు. నూనె కాగితంలా ఉంది తోలు, తోక వంపు పైకి కనిపిస్తోంది. దాని వెంబడే నల్ల గీత. ఈ పనికి మన మాటేమిటి? దించడమేనా? అప్పట్నుంచి పాల్కురికి సోమన ద్విపద ఒకటి బుర్ర తినేస్తోంది. 'భారతాది కథల... మఱుఁగుల... బొమ్మల నాడించువారు'. మధ్యలో మాటలు జారిపోయాయి.

యతిమైత్రి: 'భారతాది కథలఁ జీరమఱుఁగుల / నారంగ బొమ్మల నాడించువారు'. పండితారాధ్య చరిత్ర, పర్వత ప్రకరణం. పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడీ కలవాలిగా, అదే యతి; 'భా'కి 'జీ' యతేమిటని అడక్కండి. భార–జీర, రెండో అక్షరం 'ర' కలిసింది, ప్రాసయతి.

చేతిసంచి: నేను తోలు బెల్టులు, పర్సులు కుడతాను. మాది ఖాయంగా దించడమే. చెట్టు బెరడుతో పదును చేసిన తోలుని స్పాంజితో తడిపి, ఆరుతూ రంగు మళ్ళీ లేతబడుతుండగా కాగితం పైన పెట్టి, మొద్దు మొన పుల్లతో నొక్కుతాం. గీత కిందికి దిగుతుంది. క్రోమ్ లవణాలతో పదును చేసిన క్రోమ్ తోలు మీద నిలవదు. కార్బన్ పేపర్ జోలికి పోవద్దు, ఆ మరక చచ్చినా పోదు.

నల్లరేగడి: అదే నా అనుమానం! మీ కాగితం పైన, వాళ్ళ బొమ్మ కింద. అక్కడ గీత పైకి వస్తోంది. మరి అది ఎత్తడం కదా?

పలకబలపం: ఎత్తిరాయడం అన్నా, దించేయడం అన్నా కాపీ కొట్టడమే. పరీక్ష హాల్లో పక్కవాడిది మక్కీకి మక్కీ దించుతాం, పుస్తకంలోంచి ఎత్తిరాస్తాం. కిందా పైనా లెక్క భాషకి లేదు. వాళ్ళ నాన్నను అచ్చం దించేశాడు అంటాం, ఎక్కణ్ణుంచి దించాడట?

నారింజతొన: అవన్నీ పక్కన పెట్టండి. 'నారంగ' అంటే నారింజేగా! దీపం వెనక తోలు ఎర్రగా, పసుపుగా వెలుగుతుంది చూడండి. సోమన కళ్ళతో చూసి రాసినట్టు లేదూ?

యతిమైత్రి: అందంగానే ఉందిగాని నారింజ కాదమ్మా. మఱుఁగులన్ + ఆరంగ. ఆరంగ అంటే ఒప్పారగా, నిండుగా. కన్నారా చూశాం అంటామే, ఆ ఆరడమే.

నారింజతొన: గణాలు రెండు రకాలా సరిపోతాయండి. యతి నా–నా. కాదని ఎలా చెప్తారు?

యతిమైత్రి: తర్వాతి ద్విపదతో. 'కడు నద్భుతంబుగఁ గంబసూత్రంబు / లడరంగ బొమ్మల నాడించువారు'. ఇక్కడ 'ల'కి 'నా' కుదరదు, అడరంగ–ఆడించు అని అచ్చుకి అచ్చు కలిస్తేనే యతి. ఆరంగ, అడరంగ జంటగా వేశాడు మహానుభావుడు. మొదటిది తెర చాటు బొమ్మ, రెండోది దారాల బొమ్మ.

నారింజతొన: జంట మాటలు వేస్తే శ్లేష ఉండకూడదని రూలుందా? సోమన కదా!

చేతిసంచి: జీర అంటే చీరేనా? మా ఇంట్లో తెర అంటే పాత చీరే మరి.

యతిమైత్రి: చీరే. కథలన్ మీద చ జ అయింది. అప్పట్లో ఏ గుడ్డయినా చీరే, కట్టుకునేదే అక్కర్లేదు.

ధర్మవరం కోడలు: చీరలంటే మా ఊరు రావాలి! మగ్గం వర్క్ వాళ్ళయితే బటర్ పేపర్‌కి సూదితో చిల్లులు పొడిచి, కిరోసిన్‌లో కలిపిన తెల్లపొడి రుద్దుతారు. దాన్ని దించడం అంటారా, ఎత్తడం అంటారా? నాకైతే కార్చడం అనాలనిపిస్తుంది.

పలకబలపం: నల్లరేగడి గారూ, బొమ్మ గీసినాయన్నే అడక్కపోయారా?

నల్లరేగడి: అడిగానండి. తలెత్తకుండా 'ట్రేసింగ్ సార్' అన్నాడు.