వానాకాలంలో పాండవుల గుట్టల్లో ఒంటరిగా రోజంతా నడవవచ్చునా?

ప్రశ్న (హనుమకొండ నుంచి)

అందరికీ నమస్కారం. సహ్యాద్రి కొండల్లో రోజుల తరబడి సాగే నడకలకు బృందాలతో కలిసి వెళ్ళిన అనుభవం నాకు ఉన్నది. అక్కడ వానలో నడవడం కోసమే జనం వస్తారు. మన దగ్గర కూడా, రేగొండ మండలంలోని పాండవుల గుట్టల దగ్గర మొదలుపెట్టి, గుట్టల వరుస వెంట వీలైనంత దూరం నడిచి సాయంత్రానికి రోడ్డు మీదికి దిగాలని, అదీ ముసురు పట్టిన రోజున ఒంటరిగా చేయాలని చాలాకాలంగా కోరిక. జలపాతాల జోలికి వెళ్ళే ఉద్దేశం లేదు. ఇంట్లో వద్దంటున్నారు గానీ, కారణం అడిగితే "వానకు గుట్టలెక్కుడేంది" అన్న మాట తప్ప మరొకటి చెప్పడం లేదు. అనుమతి ఎవరిని అడగాలి, వాగులతో ఇబ్బంది ఎంత, ఒంటరిగా వెళ్ళడం నిజంగా అంత ప్రమాదమా అన్న విషయాలు ఆ ప్రాంతం తెలిసినవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు (ములుగు నుంచి)

సహ్యాద్రి అనుభవం మీకు ఎంతవరకు పనికివస్తుందో ముందు చూడాలి. అక్కడి కోటల దారులు తరతరాలుగా నడిచినవి, రాళ్ళ మీద బాణం గుర్తులు ఉంటాయి, కింద ఊరిలో అన్నం పెట్టే ఇల్లు దొరుకుతుంది. మన వైపు గుర్తులు పెట్టిన దూరపు నడకదారి అంటూ లేదు. ఉన్నవి పశువుల బాటలు, ఎండాకాలంలో తునికాకు ఏరేవారు తొక్కిన బాటలు, అటవీ శాఖ జీపుదారులు. తునికాకు పని మే నెలతో ముగుస్తుంది కాబట్టి శ్రావణం నాటికి ఆ బాటల మీద గడ్డి నడుము ఎత్తున పెరిగి, ఎక్కడ బాట ఉన్నదో ఎక్కడ రాళ్ళ సందు ఉన్నదో తెలియకుండా పోతుంది. అందుచేత మీరు అనుకున్న దూరంలో సగమే లెక్క వేసుకోండి.

అనుమతి విషయం తేలిక. గుట్టలు అటవీ శాఖ చేతిలో ఉన్నాయి, గుహల్లో ఆదిమానవుల చిత్రాలు కూడా ఉన్నాయి కాబట్టి స్థానిక అటవీ అధికారులను అడిగి, ఎటు వెళ్తున్నదీ చెప్పి వెళ్ళడం పద్ధతి. తూర్పున ఏటూరునాగారం అభయారణ్యం వైపు మాత్రం వెళ్ళకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అభయారణ్యంలో అడుగుపెట్టడం నేరం.

ఇక వాగులు. మన గుట్టలకు ఎత్తు లేదు, మన అడవిలో మనిషిని తీసుకుపోయేది నీళ్ళే. ఉదయం పాదాలు తడవకుండా దాటిన ఒర్రె సాయంత్రం తొడ లోతుకు వస్తుంది, ఆ వాన మీ నెత్తిన కురవవలసిన అవసరం కూడా లేదు. నాలుగు గుట్టల అవతల కురిసినా, బండరాతి నేల నీటిని వెంటనే పీల్చుకోదు కాబట్టి అంతా ఒకేసారి దిగువకు చేరుతుంది. నీటి వేగం రెండింతలైతే అది మనిషిని తోసే బలం నాలుగింతలవుతుంది, కాబట్టి లోతు చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. 2023 జూలై చివరి వారం మీకు గుర్తుండే ఉంటుంది. మా జిల్లాలోని లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు, రేగొండ పక్కనే ఉన్న చిట్యాలలో 616.5 మిల్లీమీటర్లు కురిసింది. వాతావరణ శాఖ లెక్కలో 204.4 దాటితేనే అత్యంత భారీ వర్షం. మోరంచపల్లి మునిగి జనం ఇళ్ళ కప్పులెక్కినది, ముత్యంధార జలపాతానికి వెళ్ళిన పర్యాటకులు తిరుగుదారిలో వాగు పొంగి రాత్రంతా అడవిలో చిక్కుకున్నది ఆ రోజుల్లోనే. జలపాతం దగ్గర వారికేమీ కాలేదు, వెనక్కి వచ్చే దారే మూసుకుపోయింది. మీరు కూడా వెళ్ళేటప్పుడు ఎన్ని ఒర్రెలు దాటుతున్నారో లెక్క పెట్టుకోండి, ఒక్కటి కూడా దాటనక్కరలేని దారి దొరికితే అదే మంచి దారి.

జవాబు (వరంగల్ నుంచి)

పై మాటలకు రాతి సంగతి చేర్చుతున్నాను, ఎందుకంటే అక్కడికి మేము తాళ్ళతో రాళ్ళెక్కడానికి వెళ్తుంటాము. ఆ గుట్టలు ఇసుకరాయి. ఇసుకరాయి నీరు పీల్చుకుంటే దాని బలం బాగా తగ్గుతుంది, పైకి ఆరినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది, చేతికి పట్టు దొరికిందనుకున్న అంచు తునకగా ఊడి వస్తుంది. అందుకే వాన పడ్డాక రెండు మూడు రోజుల వరకు మేము ఆ రాయిని ముట్టుకోము. మీరు ఎక్కేవారు కాదు, నడిచేవారే కావచ్చు, కానీ గుహల దగ్గరికి వెళ్ళే దారిలో చేతులు ఆనించి దిగవలసిన చోట్లు ఉంటాయి. నల్లగా పాచి పట్టిన బండ మీద ఖరీదైన బూటు కూడా నిలవదు.

మరొక సంగతి, ఎలుగుబంట్లు. మామూలు రోజున అవి మన అడుగుల చప్పుడు విని ముందే తప్పుకుంటాయి. వాన హోరులో వాటికి మనం వినబడము, మనకు అవి వినబడవు. గుహలూ రాళ్ళ సందులూ ఉన్న చోట ఎదురుపడితే అది బెదిరి మీద పడుతుంది. గుంపులో మాటల సందడి ఉంటుంది, ఒంటరివారు కర్రతో రాళ్ళ మీద తడుతూ, గొంతెత్తి ఏదో ఒకటి పాడుకుంటూ నడవాలి. పాట బాగుండనక్కరలేదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఒర్రెలు దాటని దారి అన్న ఆలోచన నాకు తట్టలేదు. పిడుగుల విషయం, ఒంటరితనం విషయం ఇంకా ఎవరైనా చెబుతారా?

జవాబు (భూపాలపల్లి నుంచి)

అన్నగారూ, ఒంటరిగా వెళ్ళవద్దని నేను అనను. గొర్రెల కాపరులు గొంగడి నెత్తికి కప్పుకొని ఒక్కరే రోజంతా ఆ గుట్టల్లోనే ఉంటారు. అయితే వారు సాయంత్రానికి రాకపోతే ఎటు వెతకాలో ఊరంతటికీ తెలుసు. మీ విషయంలో ఆ తెలివిడి కాగితం మీద ఉండాలి. ఏ దారిన ఎక్కి ఏ దారిన దిగుతారో, ఏ గంట దాటితే వెతకడం మొదలుపెట్టాలో రాసి ఇంట్లో ఒకటి, గుట్ట కింది ఊరిలో ఒకటి ఇచ్చి వెళ్ళండి. లోయల్లో ఫోను పలకదు కాబట్టి 112 మీద భరోసా పెట్టుకోవద్దు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఎక్కడ ఉంటే అక్కడి నుంచి వెనక్కి తిరగండి. మబ్బు పట్టిన రోజున చెట్ల కింద ఐదున్నరకే చీకటి పడుతుంది.

పిడుగులకు ముసురు రోజు కన్నా, ఎండ కాసి మధ్యాహ్నం మబ్బు కమ్మే రోజు ప్రమాదం. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో పడిందో తెలుస్తుంది. ముప్పై సెకన్ల లోపు ఉంటే గుట్ట నెత్తి మీద నుంచి దిగాలి, చివరి ఉరుము తరువాత అరగంట దాకా మళ్ళీ ఎక్కకూడదు. ఒంటరి చెట్టు కిందా, గుహ నోటి దగ్గరా తలదాచుకోవడం ఆరుబయట ఉండడం కన్నా మేలేమీ కాదు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన దామిని యాప్ పిడుగుల హెచ్చరిక ఇస్తుంది, సిగ్నలు ఉన్నంతవరకు పనికివస్తుంది. గాలిని కూడా తక్కువ చేయకండి, 2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో వచ్చిన గాలికి వేల చెట్లు కూలిపోయాయి. జీన్సు ప్యాంటు మాత్రం వేసుకోవద్దు, ఒకసారి తడిస్తే ఆ రోజుకు ఆరదు, తొడలు ఒరుసుకుపోతాయి.

ప్రశ్న అడిగినవారు

గుట్టల వరుస వెంట నడిచే ఆలోచన చలికాలానికి వాయిదా వేస్తున్నాను. ఈ వానల్లో పాండవుల గుట్ట వరకే, వాతావరణ శాఖ ఏ హెచ్చరికా ఇవ్వని రోజున, ఎక్కిన దారినే దిగేలా వెళ్తాను. గొంతెమ్మ గవి (ఆ గుట్టల్లోని ఒక గుహ) వైపు బాట గడ్డి పట్టిందో, నడవడానికి వీలుగా ఉన్నదో ఈ నెలలో చూసినవారు ఉంటే దయచేసి తెలుపగలరు.