కొండకు పోయే ట్యాక్సీ మీద ‘డయాబ్లో’ అని వేయచ్చా?

తిరుపతి స్టిక్కరంగడి:
అందరికీ నమస్కారం. లీలామహల్ సర్కిల్ పక్క నాకు రేడియం స్టిక్కర్ల అంగడి ఉంది. ఒక ట్యాక్సీ ఆయన వచ్చి వెనకద్దం నిండా ‘డయాబ్లో’ అని వేయమన్నాడు. కొడుక్కి ఆ పేరున్న లంబోర్గిని కారంటే పిచ్చంట. అడ్వాన్సు తీసుకున్నాక మా పిల్లోడు ‘నైనా, స్పానిష్‌లో అది దెయ్యం’ అంటా ఉండాడు. బండేమో రోజూ అలిపిరి దాటి యాత్రికుల్ని కొండకు ఎక్కించేది. నిజమేనా? అది కుదరకపోతే గల్లార్డో, మర్సిలాగో, హురకాన్‌లో ఏదైనా సరేనన్నాడు. వాటి అర్థాలు కూడా చెప్పండి. ఫెరారీ, పోర్షే అని అడిగే పిల్లోళ్ళు కూడా బాగానే వస్తా ఉండారు. ఎల్లుండికి పని అప్పజెప్పాల.

చిత్తూరు టౌన్:
మీవాడు చెప్పింది కరెక్టే. డయాబ్లో అంటే సైతాను. వేరే పేరు చూసుకోమనండి, అంతే.

చంద్రగిరి:
అర్థం కరెక్టే గానీ అది సగం మాటే. లంబోర్గిని వాళ్ళు పెట్టింది దెయ్యం పేరు కాదన్నా, ఒక ఎద్దు పేరు. 1869లో మాడ్రిడ్ బరిలో గంటలకొద్దీ పోరాడిందని చెప్పుకునే ఎద్దు డయాబ్లో. దాని పేరే 1990లో కారుకు పెట్టినారు. మా రంగంపేట పశువుల పండక్కి వచ్చినోళ్ళకు ఈ సంగతి విడమరిచి చెప్పే పనిలేదు. ఫలానా వాళ్ళ ఎద్దు కొమ్ములకు కట్టిన పలక ఎవడికీ చిక్కలేదంటే ఏడాది పొడుగునా దాని ముచ్చటే. కాకపోతే మా కాడ పట్టు పలక కోసమే, ఎద్దు సాయంత్రానికి ఇంటికొస్తుంది. స్పెయిన్‌లో చానావరకు చావే.

అసలు ఎద్దు ఎందుకంటే, ఫెరూచియో లంబోర్గిని ద్రాక్షతోటల రైతుబిడ్డ. ట్రాక్టర్లు తయారుచేసి సంపాదించి 1963లో కార్లలోకి దిగినాడు. పుట్టింది 1916 ఏప్రిల్ 28. వాళ్ళ లెక్కలో అది వృషభం, అందుకే ముద్రలో ఎద్దు. మన పంచాంగం పట్టుకుంటే ఆ తేదీకి సూర్యుడు ఇంకా మేషంలోనే ఉంటాడు. ఇక్కడ పుట్టుంటే బానెట్ మీద పొట్టేలు ఉండేదేమో!

1966లో వచ్చిన మియూరా అనేది ఒక్క ఎద్దు పేరు కాదు. స్పెయిన్‌లో బరి ఎద్దుల్ని పెంచే మియూరా కుటుంబం పేరు. మన ఒంగోలు జాతికి ఉన్నంత పేరు అక్కడ మియూరా ఎద్దులకు ఉంది. 1947లో మనొలేతే అనే పేరుమోసిన మటడోర్‌ను, అంటే బరిలో ఎద్దుతో పోరాడే ఆటగాడిని, పొడిచి చంపిన ఇస్లేరో ఈ మందదే. 1968లో దాని పేరుతో కూడా కారు వదిలినారు. మనిషి ప్రాణం తీసిన ఎద్దు పేరు కారుకు పెట్టడం నాకైతే మింగుడుపడదు. రెవెంతోన్ కూడా ఆ బాపతే, 1943లో ఒక ఆటగాడి ప్రాణం తీసింది. ‘వెనేనో’ అంటే విషం. ఈ మూడింటినీ ఎవురడిగినా వద్దని చెప్పండి.

మీ పట్టీలో మర్సిలాగో అంటే గబ్బిలం. ఆ పేరున్న ఎద్దు 1879లో 24 కత్తిపోట్లు తిని కూడా పడలేదని, దాని పౌరుషానికి మెచ్చి ప్రాణంతో వదిలేసినారని కథ. గల్లార్డో పాతకాలపు ఎద్దుల జాతి, మామూలు మాటగా అందగాడు, ధీరుడు అని అర్థం. హురకాన్ 1879 నాటిదే, అలికాంతేలో ఆడిన ఎద్దు. అర్థం పెనుగాలి. కొండ బండికి నేనైతే గల్లార్డో అంటా.

పుత్తూరు:
అన్నీ ఎద్దులేనా అన్నా? లంబోర్గిని వాళ్ళ కౌంటాచ్ కూడానా?

చంద్రగిరి:
కాదు. అది ఇటలీలో పియెమోంటే సీమ వాళ్ళ మాట. ఏదన్నా చూసి నోరెళ్ళబెట్టినప్పుడు ‘ఓరి నాయనో’ అంటామే, ఆ లాంటిది. కార్లకు రూపం గీసే బెర్టోనే కంపెనీ వర్క్‌షాపులో మార్చెల్లో గాందీని బృందం బండి కడతా ఉంటే, అక్కడ పనిచేసే ఒకాయన మాటిమాటికీ అదే అనేవాడంట. 1971 జెనీవా ప్రదర్శనకు అదే పేరుతో పోయింది. నన్నడిగితే అన్నిటికంటే నిజాయతీ ఉన్న పేరు ఇదే. పలకడం కూడా ‘కౌంటాచ్’ కాదు, ‘కుంటాచ్’కు దగ్గరగా ఉంటుంది. మనకు అందులో కుంటి వినబడుతుందని బండి మీద ఎవురూ వేయించుకోరు గానీ!

పలమనేరు మెకానిక్:
ఫెరారీ పేర్ల గురించి నేను చెప్తా. అంకెలకు ఒకే లెక్క ఉందనుకోవద్దు. 458 అంటే 4.5 లీటర్లు, 8 సిలిండర్లు. దాని తర్వాత వచ్చిన 488లో అంకె ఒక్కో సిలిండరు ఎన్ని సీసీలో చెబుతుంది, ఎనిమిదితో గుణిస్తే 3.9 లీటర్లు. 812లో 8 అంటే 800 హార్స్‌పవర్, 12 సిలిండర్లు. పాతకాలం 250 జీటీఓలో కూడా సిలిండరు లెక్కే. ఎఫ్40 అయితే ఇంజన్‌తో సంబంధమే లేదు, 1947లో మొదటి ఫెరారీ వచ్చినాక 40 ఏళ్ళకు, 1987లో వచ్చింది కాబట్టి. టెస్టరోస్సా అంటే ఎర్రతల. మనిషి తల కాదు, ఇంజన్ పైన క్యామ్ కవర్లకు ఎర్ర రంగు కొట్టేవాళ్ళు. 1950ల నాటి రేసు కారు నుంచి ఆ పేరు తెచ్చి 1984లో మళ్ళీ పెట్టినారు.

పోర్షే 911 నిజానికి 901గా పుట్టింది. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో అట్లనే చూపించినారు. మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు ఫ్రాన్స్‌లో మావి అని అక్కడి కార్ల కంపెనీ ప్యూజో అడ్డం తిరిగేసరికి సున్నాను ఒకటి చేసి ఊరుకున్నారు. కరెరా, టార్గా అనేవి మెక్సికో, సిసిలీల్లో జరిగిన రేసుల పేర్లు.

అన్నా, ఒక మాట. నంబరు ప్లేటు మీద మాత్రం ఏ పేరూ అంటించొద్దు, ఫైన్ పడుతుంది.

మదనపల్లె:
ఎద్దులూ అంకెలూ వద్దనుకుంటే గాలి పేర్లు ఉండాయి. పగానీ జోండా అంటే అర్జెంటీనాలో ఆండీస్ కొండల మీంచి కిందికి దిగే వేడిగాలి. ఆ కంపెనీ పెట్టిన ఒరాసియో పగానీది ఆ దేశమే. వాళ్ళదే ఇంకో కారు వయ్రా కూడా ఆండీస్ వాళ్ళ గాలిదేవుడి పేరు నుంచి వచ్చిందే. వాయుదేవుడంటే కొండ బండికి ఎవురూ తప్పుబట్టరు! మనుషుల పేర్లు కావాలంటే బుగాటి ఉంది. వేరాన్ అనేది పియేర్ వేరాన్ ఇంటిపేరు, 1939లో లె మాన్ రేసు బుగాటితో గెలిచిన ఇద్దరిలో ఒకాయన. షిరోన్ కూడా వాళ్ళ పాత డ్రైవరే.

చిత్తూరు టౌన్:
కొత్త లంబోర్గిని ‘టెమెరారియో’ బాగుంది కదా?

చంద్రగిరి:
టెమెరారియో అంటే దుడుకోడు, ముందూ వెనకా చూడనోడు. ఘాట్ రోడ్డులో ఆ పేరు చూస్తే వెనక సీట్లో కూర్చున్నోళ్ళు మొదటి మలుపు కాడే దిగిపోతారు.

తిరుపతి స్టిక్కరంగడి:
అందరికీ దండాలు. ఆయనకు అన్నీ చదివి వినిపించినా. గబ్బిలం వద్దన్నాడు. జోండా అంటే వాళ్ళావిడకు జెండా మాదిరి వినబడిందంట, అదీ వద్దంట. చివరికి హురకాన్ మీద నిలబడినాడు. తెలుగులోనే వేయమంటా ఉండాడు. ‘హ’ పెట్టాల్నా, వద్దా?

చంద్రగిరి:
స్పానిష్‌లో ఆ ‘హ’ పలకదన్నా. ‘ఉరకాన్’ అని వేయండి. ఉరికే బండే కదా, మనోళ్ళకు అట్లనే బాగా పడుతుంది. ఇంగ్లీషులో కూడా వేస్తే చివరి ‘ఏ’ అక్షరం మీద చిన్న గీత మర్చిపోవద్దు.

తిరుపతి స్టిక్కరంగడి:
ఉరకాన్ ఖాయం. ఆ గీత విడిగా కట్ చేస్తే ఎండకు లేచిపోతుంది, అక్షరంతో కలిపి ఒకే ముక్కగా తీస్తా.