హైరూల్ వారియర్స్ గేమ్‌లో మన్‌హాండ్లా బాస్ దగ్గరే A ర్యాంక్ పోతోంది, కాస్త చెప్పండి

అందరికీ నమస్తే. మాది విశాఖ, గాజువాక. నేనూ తమ్ముడూ నింటెండో స్విచ్‌లో హైరూల్ వారియర్స్ డెఫినిటివ్ ఎడిషన్ (2018లో వచ్చినది) స్క్రీన్ పంచుకుని ఆడుతున్నాం. జెల్డా గేమ్ పాత్రలతో, డైనాస్టీ వారియర్స్ గేమ్ తరహాలో గుంపులు గుంపులుగా శత్రువులను కొట్టే యుద్ధం కాబట్టి ఇద్దరికీ ప్రాణం.

కథ అయిపోయింది. చిక్కంతా అడ్వెంచర్ మోడ్‌లోనే, అంటే మ్యాప్‌లో ఒక్కో గడికీ ఒక్కో యుద్ధం గెలుస్తూ పోయేదాంట్లో. అన్నిటికన్నా పైదైన A ర్యాంక్ రావాలంటే పడగొట్టిన శత్రువుల సంఖ్య, పట్టిన టైమ్, మనకు తగిలిన దెబ్బలు, మూడూ సరిపోవాలి. మొదటి రెండూ వచ్చేస్తాయి, దెబ్బలే ఎక్కువైపోతాయి. అదీ మన్‌హాండ్లా అనే పెద్ద మొక్క రాక్షసి వచ్చాకే. మిగతా బాస్‌లలో డొడోంగో నోట్లో బాంబు వేయడం, గోమా కంటికి బాణం కొట్టడం చేతికి అలవాటైపోయాయి. దీనికి మాత్రం నాలుగు తలలు. బూమరాంగ్ విసిరేలోపే ఇంకో తల వెనకనుంచి కొట్టేస్తుంది.

తలలు వాలాక వీక్ పాయింట్ గేజ్ (మనం దెబ్బలతో ఖాళీ చేయాల్సిన గుర్తు) కనిపిస్తుంది కదా, అది కొంచెం మిగిలుండగానే లేచిపోతోంది. అక్కడ చిన్న కాంబోలు (వరుస దెబ్బలు) వేయడం మేలా, పెద్దదా? ఫోకస్ స్పిరిట్ (కాసేపు బలం పెంచే మ్యాజిక్) దాని కోసమే దాచుకోవాలా? మ్యాప్‌లో సూచించిన ఎలిమెంట్ (నిప్పు, నీరు లాంటివి) ఆయుధం కాకుండా, లెవెల్ ఎక్కువున్న వేరే ఆయుధం తీసుకెళితే నష్టమా?

తమ్ముడికి హీరో లింక్ తప్ప ఎవరూ వద్దు, కాబట్టి లింక్‌తో కుదిరే దారే చెప్పండి. తెలిసిన అన్నలు, అక్కలు ఎవరైనా సరే, బటన్లతో సహా రాస్తే మరీ మంచిది. దసరా సెలవులు అయిపోయేలోపు ఆ మ్యాప్ గడి తెరవాలని వాడి పట్టుదల.