సమస్యాపూరణం: “పిచ్చిమాటకేసె పెద్దపీట”

నిర్వాహకుడు, హన్మకొండ

అందరికీ నమస్కారం. సెప్టెంబరు 9 కాళోజీ జయంతి, తెలంగాణ భాషా దినోత్సవం. ఆ సందర్భంగా ఈ వారం సమస్య ఇంగ్లీషు నిఘంటువుల మీద. 2025 ఆగస్టులో కేంబ్రిడ్జి నిఘంటువు వాళ్లు ఏడాదిలో 6,000కు పైగా కొత్త చేర్పులు చేసినట్టు ప్రకటించిండ్రు. అందులో స్కిబిడి ఉన్నది, డెలులు ఉన్నది. స్కిబిడి అంటే సందర్భాన్ని బట్టి మంచి అని, చెడు అని, ఒక్కోసారి ఏ అర్థమూ లేకుండా ఉట్టి సరదాకు అనే మాట. డెలులు అంటే కోరి భ్రమలో బతకడం. పిల్లలు వీడియోలు చూసి పట్టుకున్న మాటలకు పండితుల పుస్తకంలో చోటు దొరికిందని కొందరు మురిసిండ్రు, కొందరు ముక్కు విరిచిండ్రు. మనం పద్యం కడదాం.

సమస్య: పిచ్చిమాటకేసె పెద్దపీట

ఆటవెలది నాలుగో పాదం ఇది, దీనితో ముగిసేటట్టు పై మూడు పాదాలు మీరు కట్టాలె. అయిదు సూర్యగణాలు, పి–పె యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కుదరడం. ఈసారి ఒక షరతు: పద్యంలో చెప్పిన సంగతి నిజమై ఉండాలె. ఊహకు కాదు, వాస్తవానికి మార్కులు.

విశ్రాంత తెలుగు పండితులు, జనగామ

పూరణకు ముందు సమస్య మీదే నా అభ్యంతరం. ‘మాటకు వేసె’ అన్నది ‘మాటకేసె’ ఎట్లా అవుతుంది? వకారం ఎక్కడికి పోయింది? పోతన పుట్టిన బమ్మెర, సోమనాథుడి పాలకుర్తి మాకు కూతవేటు దూరం. ఆ గడ్డ మీద నిలబడి ఇట్లాంటి పాదం ఇవ్వవచ్చునా?

నిర్వాహకుడు

పంతులుగారూ, వకారం మన ఊరి నోట్లనే పోయింది. “బువ్వ ఏసిన్నవా” అంటది అమ్మ. గణం కోసం దాన్ని మింగలేదు, తెలిసే పెట్టిన. వ్యాకరణం తప్పని మీరంటే ఒప్పుకుంట, వాడుక తప్పంటే మాత్రం ఒప్పుకోను. ఈ సమస్యలో చర్చకు రావాల్సింది కూడా అదే గదా.

తెలుగు మాస్టారు, నర్సంపేట

అన్న యనెడి పిలుపు నాక్సుఫర్డున జేర్చి
యక్షరాల కోట నాసనమిడె
నాడు మోటటన్న నాలుకే కొనియాడ
పిచ్చిమాటకేసె పెద్దపీట

2017 సెప్టెంబరులో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు మన దేశపు మాటలు డెబ్బై దాకా చేర్చింది. తెలుగు, తమిళాల ‘అన్న’ అందులో ఒకటి. అంతకు ముందు ఆ అక్షరాల కింద రూపాయిలో పదహారో వంతు అణా ఒక్కటే ఉండేది.

నిర్వాహకుడు

ధార బాగుంది. పిలుపు నాక్సుఫర్డు దగ్గర స్వరయతి చక్కగా కుదిరింది. లోపం ఒక్కటే, కర్త కనబడడు. ఆసనం ఇడినది ఎవరు, పీట వేసినది ఎవరు? ‘ఆక్సుఫర్డున’ అని సప్తమి విభక్తిలోకి పోయేసరికి పని చేసేవాడు మాయమైండు. ఇంకో మాట కూడా చెప్పాలె. ‘అన్న’ పిచ్చిమాట కాదు. ఆ బరువును ‘నాడు మోటటన్న’ అనే ఒక్క ముక్క మీద వేసి గట్టెక్కిండ్రు. సంగతి నిజం, సమస్య మాత్రం సగమే విడింది.

ఇంజినీరింగు విద్యార్థి, కాజీపేట

స్కిబిడి డెలులు రిజ్జు చిన్నారి మాటకే
నవ్వి పోయినారు నాన్న తాత
కెలికి చూచి చూచి కేంబ్రిడ్జి కోశమే
పిచ్చిమాటకేసె పెద్దపీట

సార్, పద్యం రాయడం కొత్త. స్కి–చి యతి చెల్లుతుందా?

నిర్వాహకుడు

చెల్లుతది తమ్మీ. సకారం చవర్గంతో కలుస్తది, ఇత్వం ఇత్వంతో సరిపోయింది. ‘నవ్వి పోయినారు నాన్న తాత’ చదవగానే ఇంటి వసారా కండ్ల ముందు నిలబడ్డది. ‘కెలికి చూచి చూచి’ కూడా ఉత్త పాదపూరణం కాదు, నిఘంటువు పని అదే.

కానీ షరతు యాదికి తెచ్చుకో. రిజ్జు దారి వేరు. ఆకర్షణతో ఎదుటివాళ్లను పడగొట్టే నేర్పుకు ఆ మాట వాడతరు. 2023 సెప్టెంబరులో మెరియం-వెబ్‌స్టర్ వాళ్లు చేర్చిన 690 మాటల్లో అది ఉన్నది. అదే ఏడు చివర ఆక్స్‌ఫర్డ్ వాళ్లు దాన్ని ఏటి మేటి మాటగా (వర్డ్ ఆఫ్ ది ఇయర్) ఎంచుకున్నరు. దాని పేరు తెచ్చి కేంబ్రిడ్జి ఖాతాలో రాస్తే ఎట్లా? మొదటి పాదం సవరించు.

ఇంజినీరింగు విద్యార్థి, కాజీపేట

“స్కిబిడి డెలులు వంటి చిన్నారి మాటకే” అంటే?

నిర్వాహకుడు

భేష్. గణం నిలిచింది, నిజమూ నిలిచింది.

మార్కెట్ గుమస్తా, ఎనుమాముల

నూరు వత్సరాల నాటి చిత్రపు మాట
నౌకసేన పెద్ద నాడె రాయ
వెదకి పట్టి తెచ్చి విద్వాంసుడొక్కడు
పిచ్చిమాటకేసె పెద్దపీట

టీచరమ్మ, పరకాల

అన్నా, మొదటి పాదంలో యతి తప్పింది. నూ–నా హల్లు కలిసింది, అచ్చు కలవలేదు. ఊకారానికి ఉ, ఊ, ఒ, ఓలే మైత్రి. “నూరు వత్సరాల నుండి దాగిన మాట” అంటే సరిపోతుంది. అసలు ఆ మాట ఏందో కూడా చెప్పన్నా, పద్యంలో దాని పేరే లేదు.

మార్కెట్ గుమస్తా, ఎనుమాముల

మంచి సవరణ అక్కా, అదే ఉంచుకుంట. ఆ మాట ఓఎంజి, అంటే ‘ఓ మై గాడ్’కు పొట్టి రూపం. సెల్‌ఫోన్ సందేశాల్లో పుట్టిందని అందరం అనుకుంటం. 2011 మార్చిలో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు దాన్ని చేర్చినప్పుడు దాని మొదటి జాడ 1917లో తేలింది. బ్రిటిషు నౌకాదళంలో పెద్ద పదవి చేసిన ఫిషర్ దొర చర్చిల్‌కు రాసిన ఉత్తరంలో ఆ మూడక్షరాలు ఉన్నయి, పక్కన వివరణతో సహా.

నిర్వాహకుడు

ఇంత చక్కటి సంగతి పద్యం బయట ఉండిపోయింది, నాకు అదే వెలితి. వ్యాఖ్యానం లేకపోతే నౌకసేన పెద్ద ఎవరో, ఏ మాటో పాఠకుడికి తెలవదు. ఓఎంజి ఆటవెలదిలో ఇమడడం కష్టమే. కష్టమైనా ప్రయత్నం చేయాలె.

విశ్రాంత తెలుగు పండితులు, జనగామ

నా పూరణ:

నేడు వచ్చి రేపు నేల రాలెడి పూత
ఫలము గాక ముందె పంచిపెట్టి
తొందరపడి నేటి దొరగారి పుస్తకం
పిచ్చిమాటకేసె పెద్దపీట

నేను సమస్యను విడదీయలేదు, సమర్థించాను. ప్రతి ఏడూ ఒక పోకిరి మాటను ఎత్తి చూపి పత్రికల్లో పేరు తెచ్చుకోవడం నిఘంటువు మర్యాద కాదు. ఎండిపోయే పూతకు తూకం ఎందుకు?

నిర్వాహకుడు

పంతులుగారూ, ఈ దినం వచ్చిన వాటిలో పద్యంగా ఇది అందరికంటే మిన్న. రెండో పాదంలో ‘ఫలము గాక ముందె పంచిపెట్టి’ అన్నది మామిడితోట చూసినవాళ్లే అనగలరు. తొ–దొ యతి ఎంత సహజంగా పడ్డదో.

సంగతి దగ్గర మాత్రం మీతో తగువు పెట్టుకోక తప్పదు. ఏటి మేటి మాట వేరు, ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు వేరు. మొదటిది ఆ ఏడు జనం దేని గురించి మాట్లాడుకున్నరో చెప్పేది. 2022లో దాన్ని జనం ఓటుకే వదిలిపెట్టిండ్రు, గాబ్లిన్ మోడ్ (సిగ్గుపడకుండ సోమరిగ, ఇష్టమొచ్చినట్టు ఉండడం) గెలిచింది. పెద్ద నిఘంటువు గడప అట్ల దాటనీయరు. ఒకరితో ఒకరికి సంబంధం లేని పలువురు ఆ మాటను వాడినట్టు రాతలో ఆధారాలు కావాలె. అది కొంతకాలం నిలిచినట్టు కూడా కనబడాలె. ఎందుకంటే అందులోకి ఒకసారి వచ్చిన మాటను మళ్లీ తీసెయ్యరు. వాడుక పోతే పోయిందని గుర్తు పెడతరు గానీ పుటలోంచి తుడిచెయ్యరు. 1884లో మొదటి భాగం అచ్చయి 1928లో గానీ తొలి కూర్పు పూర్తి కాలేదు. మాటల వాడుకలు రాసి పాఠకులు పంపిన లక్షల చీటీల మీద నడిచిన పని అది. తొందరపాటు అని దాన్ని అనలేం.

విశ్రాంత తెలుగు పండితులు, జనగామ

ఆ పెద్ద నిఘంటువు విషయంలో మీ మాట కాదనను. తక్కిన వాటి విషయంలో నా పద్యం అట్లాగే ఉంటుంది.

టీచరమ్మ, పరకాల

దూప బుగులు యాది దొరకవే బడిలోన
పొలము గట్టు మీద పూసె గాని
ఒడికి తీసుకొనుచు నూరడించిన తల్లి
పిచ్చిమాటకేసె పెద్దపీట

దూప అంటే దాహం, బుగులు అంటే భయం, యాది అంటే జ్ఞాపకం. స్కిబిడి సంగతి తర్వాత చూద్దాం సార్. మా తరగతిలో ఒక పాప “చీకట్ల పోవాల్నంటె బుగులైతది” అని వ్యాసంలో రాసింది. పక్క పిల్ల నవ్వి ‘భయమేస్తది’ అని దిద్దబోయింది. నేను ఆ వాక్యం కింద గీత గీసి, “బాగుంది” అని రాసిచ్చిన. ఆ పాప తర్వాత రెండు పేజీలు రాసింది.

విశ్రాంత తెలుగు పండితులు, జనగామ

అమ్మా, ‘యాది’ తెలుగు కాదు కదా. ఉర్దూ నుంచి వచ్చింది.

టీచరమ్మ, పరకాల

వచ్చింది పంతులుగారూ, వచ్చి ఇక్కడే ఉండిపోయింది. మన పందికొక్కు ఇంగ్లీషుకు పోయి బాండికూట్ అయినట్టే. వాళ్లు దాన్ని తిప్పి పంపలేదు.

నిర్వాహకుడు

పూరణ గుండెను తాకింది టీచరమ్మా. కొనుచున్ మీద ఊరడించిన కలిసి ‘కొనుచు నూరడించిన’ అయిన తీరు వ్యాకరణానికీ ఒప్పుతది, ఒ–ఊ యతికీ. మూడో పాదం తల్లి ఎవరంటే కన్నతల్లి అనుకోవచ్చు, ఓరుగల్లు అనుకోవచ్చు. ఆ రెండర్థాలూ నిలబడ్డయి.

గని కార్మికుడు, భూపాలపల్లి

పదము పుట్టగానె పట్టమ్ము కట్టక
కొన్ని యేండ్లు వేచి కోశకర్త
వాడుకలను వెదకి వరుసగా రుజువు చూ
పిచ్చి మాటకేసె పెద్దపీట

ఇంజినీరింగు విద్యార్థి, కాజీపేట

అన్నా! పిచ్చి ఎటుపోయింది?

నిర్వాహకుడు

మూడో పాదం చివర ‘చూ’ను నాలుగో పాదంతో కలిపి చదువు తమ్మీ. ‘చూపిచ్చి మాటకేసె పెద్దపీట.’ రుజువు చూపించి ఆ మాటకు పీట వేసిండు కోశకర్త. పిచ్చిమాట అనేదే లేకుండ పోయింది. సమస్య ఇచ్చినోన్ని, ఈ దారి నాకే తట్టలేదు. ‘రుజువు చూ’ మూడు లఘువులు, ఒక గురువు, నగం. గణం ఎక్కడా కుంటలేదు. పి–పె యతికి దెబ్బ తగలలేదు. అన్నిటికంటే మించి, పైన నేను పంతులుగారికి ఒక పేరా నిండ చెప్పిన సంగతిని ఈ అన్న నాలుగు పాదాల్లో చెప్పిండు. పుట్టగానే పట్టం కట్టరు, ఆగుతరు, వెదుకుతరు, వరుసపెట్టి చూపుతరు.

విశ్రాంత తెలుగు పండితులు, జనగామ

‘చూపించి’ సాధురూపం. ‘చూపిచ్చి’ని గ్రాంథిక పద్యంలో నేను అంగీకరించను. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ‘చూపించి’ అని రాస్తే ఈ పూరణే పుట్టదు. మన జిల్లాల నోటి పలుకుబడి ఉన్నవాడికే ఈ తలుపు తెరుచుకుంది. ఈ వారం మొదటి స్థానం ఆయనకే ఇవ్వమని నా మనవి.

ఇంకొకటి చెప్పాలి. చీటీల పని దొరలే చేశారని అనుకోవద్దు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం 1962లో వ్యవసాయ పదాలతో, 1971లో చేనేత పదాలతో వచ్చింది. ఊళ్లకు పోయి పని చేసేవాళ్ల నోటి నుంచి ఏరిన మాటలవి. వరంగల్ కొత్తవాడ జంపఖానా మగ్గాల దగ్గర ఈనాడు ఏమేమి మాటలు వినబడుతున్నాయో మళ్లీ ఎవరైనా పోయి రాసుకోవాలి. మగ్గం ఆగితే ఆ మాటలు చెప్పేవాళ్లు ఉండరు.

మార్కెట్ గుమస్తా, ఎనుమాముల

పంతులుగారూ, నా వంతు మొదటి చీటీ రాస్తున్న. మాట: జెండా పాట. అర్థం: పొద్దున మార్కెట్ తెరవంగనే జెండా ఎత్తి, మంచి రకం సరుకుకు వ్యాపారులు పోటీపడి పాడే ఆ దినం మొదటి పెద్ద ధర. వాడుక: “జెండా పాట మంచిగనే పలికింది, మన కుప్ప కాడికి వచ్చేసరికి తగ్గిచ్చిండ్రు.” ఈ వాక్యం మిర్చి రైతుల నోట సీజన్ల రోజూ వినబడతది. ఆ రెండు ధరల మధ్య తేడా ఎంతనో ఆ మాట విన్న రైతుకు ఎవ్వరూ చెప్పక్కర లేదు.

నిర్వాహకుడు

చీటీ అంటే ఇట్ల ఉండాలె. ప్రథమ స్థానం భూపాలపల్లి అన్నది, అందులో రెండో మాట లేదు. పద్యశిల్పానికి పంతులుగారి పూరణను, భావానికి పరకాల టీచరమ్మ పూరణను ప్రత్యేకంగా ఎంచిన.

వచ్చే వారం దత్తపది, అంటే ఇచ్చిన మాటలన్నీ పద్యంలో ఇమడాలె: దూప, బుగులు, సోపతి (స్నేహం), పైలం (జాగ్రత్త). విషయం మేడారం జాతర ప్రయాణం. ఛందస్సు మీ ఇష్టం. పద్యం కింద ఆ నాలుగింటిలో ఏదో ఒక మాటను మీ ఊర్లో విన్న వాక్యం ఒకటి, ఊరి పేరుతో సహా రాయాలె. గడువు ఆదివారం రాత్రి.